గంట కొట్టమన్న కింది ఇంటి ఓమాకి, ఇంకా మరి కొందరికి

మా పాప మొన్న మంగళవారం బోర్లా పడింది. బోర్లా పడితే బొబ్బట్లు అంటారు కదా, అమ్మ ఫోన్‌లో చెబుతుంటే కొలతలు వింటూ ఇరవై బొబ్బట్లు చేశాను. ఎవరెవరికి ఇవ్వాలో వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటుంటే ఒక సంగతి తోచింది. ఈ నాలుగు నెలల్లో నన్ను నిలబెట్టిన వాళ్ళలో ఒక్కరికీ నేను సరిగ్గా కృతజ్ఞత చెప్పలేదు. కొందరికి జర్మన్‌లో చెప్పేంత భాష నాకు లేదు. కొందరికి చెప్పబోతే గొంతు పట్టేసింది. నా భాషలో అయితే చెప్పగలను, అందుకే నలుగురికీ తెలిసేలా ఇక్కడ రాస్తున్నాను.

నేను తెనాలి నుంచి 2023 అక్టోబరులో జర్మనీలోని స్టుట్‌గార్ట్ వచ్చాను. మా వారి ఉద్యోగం ఇక్కడే. మేముండేది ఈ ఊళ్ళోనే బాద్ కాన్‌స్టాట్ అనే పేటలో, నాలుగు వాటాల పాత ఇల్లు. మాది రెండో అంతస్తు. తెనాలిలో మా వీధి తలుపు పగలు వేసి ఉండటం నేను చూడలేదు. పాలబ్బాయి దగ్గర్నుంచి పక్కింటి పిన్నిగారి దాకా ఎవరో ఒకరు లోపలికి వచ్చి ‘ఏం కూరే ఇవాళ’ అని అడిగి పోతూనే ఉంటారు. ఇక్కడ వచ్చిన రెండు వారాలకే గడియారాలు ఒక గంట వెనక్కి తిప్పారు. డిసెంబరులో సాయంత్రం నాలుగున్నరకే చీకటి. ఆదివారం దుకాణాలన్నీ మూత. రాత్రి పదింటి నుంచి చప్పుడు చేయకూడదని ఇంటి నిబంధనల కాగితంలో ఉంది. మెట్ల మీద ఎదురైన వాళ్ళు ‘గ్రూస్ గాట్’ అని తల ఊపి తలుపు వేసుకుంటారు. నాకు ఆ తలుపు వేసుకునే చప్పుడే మిగిలేది.

చలి, తిండి, భాష ఇవన్నీ కష్టమని అందరూ ముందే చెప్పారు. నాకు అవి పెద్ద కష్టం కాలేదు. నేను ఉన్నానో లేనో ఎవరికీ పట్టలేదన్న భావం ఒక్కటే నన్ను తినేసింది.

ఈ ప్రాంతంలో కేర్‌వోఖె అని ఒక పద్ధతి ఉంది. ఊడ్చే వారం అని అర్థం. ఒక చిన్న పలక వారానికొక వాటా తలుపుకి వేలాడుతుంది. ఆ వారం ఆ ఇంటివాళ్ళు వాకిలి, నేలమాళిగ మెట్లు, బయట కాలిబాట శుభ్రం చేయాలి. స్టుట్‌గార్ట్‌లో ఇది నగర నిబంధనగా 1988 దాకా ఉండేదట. ఇప్పుడు అద్దె ఒప్పందాల్లో బతుకుతోంది. మా తలుపుకి మొదటిసారి పలక పడ్డప్పుడు నాకు నిజంగా సంబరమేసింది. వాకిలి ఊడ్వడం నాకు రాదా! ముగ్గు వేయలేదు గానీ, మెట్టు మెట్టూ తుడిచాను. కింది వాటాలో ఉండే పెద్దావిడ తలుపు తీసి, మెట్లు చూసి, నన్ను చూసి, ఒక్క మాట అనకుండా లోపలికి వెళ్ళిపోయింది. ఆ రాత్రి ఏడ్చాను. ఈ ప్రాంతం వాళ్ళని స్వాబియన్లు అంటారు, వాళ్ళలో ఒక సామెత ఉందని చాలా రోజుల తర్వాత తెలిసింది: తిట్టలేదంటే మెచ్చుకున్నట్టే. ఆవిడ ఆ రోజు నన్ను మెచ్చుకుంది.

మొదటి కృతజ్ఞత ఖమ్మం అక్కకి. 2024 ఉగాది రోజున ఇక్కడి తెలుగు కుటుంబాలు కొన్ని కలిసి పచ్చడి చేసుకున్నాయి. అప్పటికి నాకు రెండో నెల, ఇంకా ఎవరికీ చెప్పలేదు. వేపపువ్వు వాసనకి నేను పక్కకి వెళ్ళడం చూసి అక్క వెనకాలే వచ్చింది. ‘ఎన్నో నెల చెల్లె? హేబమ్మెను మాట్లాడుకున్నవా?’ అంది. నాకా మాటే తెలియదు. ‘అన్నిటికంటే ముందు ఆమెకే ఫోన్ జెయ్యాలె. ఆలస్యమైతే ఎవ్వరు దొరకరు’ అని చెప్పి, మర్నాడు మా ఇంటికొచ్చి, నా పక్కన కూర్చుని, జర్మన్‌లో తనే పదకొండు మందికి ఫోన్ చేసింది. పదకొండో ఆవిడ ఒప్పుకుంది.

హేబమ్మె అంటే మంత్రసాని. మన దగ్గర ఆ మాట దాదాపు పోయింది, మా నాయనమ్మతోనే పోయిందనాలి. ఇక్కడ అది చదువుకుని చేసే గౌరవమైన వృత్తి. పురుడు అయ్యాక మొదటి పది రోజులు అవసరమైతే రోజూ ఇంటికి వస్తుంది. ఆ తర్వాత కూడా పన్నెండు వారాల వరకు వచ్చి చూస్తుంది. ఖర్చంతా ప్రభుత్వ ఆరోగ్య బీమాదే. జర్మనీకి కొత్తగా వచ్చిన అమ్మాయిలు ఎవరైనా ఇది చదువుతుంటే, అక్క నాకు చెప్పిన మాటే మీకూ చెబుతున్నాను: నెల తప్పిందని తెలియగానే వెతకడం మొదలుపెట్టండి.

స్కానింగ్ చేసిన డాక్టరమ్మకి కూడా ఇక్కడే చెప్పాలి. ఇరవయ్యో వారంలో తెర చూస్తూ ఆవిడ ఎంతో మామూలుగా ‘ఆడపిల్ల’ అనేసింది. నేను ఉలిక్కిపడి తలుపు వైపు చూశాను. మన దేశంలో 1994లో చేసిన చట్టం ప్రకారం అది చెప్పడం నేరం. ప్రతి స్కానింగ్ సెంటర్లో గోడ మీద బోర్డు చూస్తూ పెరిగినదాన్ని. ఆ బోర్డు ఎందుకు పెట్టాల్సి వచ్చిందో తెలిసినదాన్ని. నా ముఖం చూసి ఆవిడ మెషిన్ ఆపి, ఏమైందని అడిగింది. వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పాను. కాసేపు మౌనంగా ఉండి, ‘మీకు సంతోషమేనా?’ అంది. సంతోషమేనండీ. అప్పుడు చెప్పలేకపోయాను, తల ఊపానంతే. చాలా సంతోషం.

పాప నవంబరు మధ్యలో పుట్టింది. అమ్మకి వీసా సమయానికి రాలేదు. తొలి కాన్పు పుట్టింట్లో జరగాలన్నది పోయి, పుట్టింటి మనిషి ఒక్కరూ లేకుండా అయిపోయింది. రెండో రోజే ఆసుపత్రిలో పేరు రాయమని కాగితం ఇచ్చారు. ఇంకా నక్షత్రమే చూసుకోలేదు, ఇరవై ఒకటో రోజున కదా మనకి పేరు! మళ్ళీ అక్కే దారి చూపింది. పుట్టుక వారంలోగా నమోదు చేయించాలి గానీ, పేరు చెప్పడానికి నెల గడువు ఉంటుందట. నమోదు కార్యాలయానికి మా వారితో తనూ వెళ్ళి మాట్లాడి వచ్చింది. ఇరవై ఒకటో రోజున పళ్ళెంలో బియ్యం పోసి, ఉంగరంతో పేరు రాశాం. అమ్మ, అత్తయ్య ఫోన్‌లోంచి చూశారు. బియ్యంలో పేరు రాశాకే కాగితం మీద రాశాం. అక్కా, ఆ ఒక్క పని చాలు, జన్మంతా గుర్తుంచుకోవడానికి.

ఇక హేబమ్మె. ఆ మాట వినగానే నాకు అందులో అమ్మ వినిపించింది. ఆవిడతో అంటే నవ్వి, పాత జర్మన్‌లో ఆ మాటకి ‘బిడ్డని ఎత్తుకునే అవ్వ’ అని అర్థమని చెప్పింది.

మొదటి రోజు ఆవిడ ఇంట్లోకి రాగానే చేసిన పని కిటికీలు బార్లా తెరవడం. నేను చెవుల్లో దూది పెట్టుకుని, తలకి మఫ్లర్ చుట్టుకుని కూర్చున్నాను. ఫోన్‌లో అమ్మ కేక పెట్టింది, బాలింతకి గాలి సోకుతుందని. పిల్ల పడుకునే గది పదహారు పద్దెనిమిది డిగ్రీలు ఉంటే చాలని, దుప్పటి వద్దు సంచిలాంటి చొక్కా తొడగమని, ఇంట్లో తలకి టోపీ పెట్టొద్దని, వెల్లకిలా పడుకోబెట్టమని ఆవిడ అంటుంటే నాకు అమ్మకి తర్జుమా చేసి చెప్పే ధైర్యం లేదు. రెండు దేశాల మధ్య పసిగుడ్డుతో నిలబడినట్టు ఉంది. తప్పు చేస్తే బిడ్డకి ఏమవుతుందోనన్న భయం ఒకటి.

ఆవిడ నా పద్ధతులని ఒక్కసారి కూడా చిన్నచూపు చూడలేదు. ఫోన్ తన చేతిలోకి తీసుకుని అమ్మని చూస్తూ అడిగింది, మీ ఊళ్ళో ఏం చేస్తారని. అమ్మ చెప్పింది, నేను తర్జుమా చేశాను. వెల్లుల్లి కారం తినొచ్చంది. వాము నీళ్ళు మంచిదే అంది. నడుముకి వేడి కాపడం తప్పకుండా అంది. నూనె పెట్టి కాళ్ళ మీద పడుకోబెట్టి మర్దనా చేసే పద్ధతి చేసి చూపమంది. ఇక్కడ దాన్ని తరగతులు పెట్టి నేర్పుతారట. దుప్పటి, తలగడ, బోర్లా పడుకోబెట్టడం, ఈ మూడింటి దగ్గర మాత్రం గట్టిగా నిలబడి, ఊపిరాడక పసిపిల్లలకి జరిగే ప్రమాదం గురించి ఓపిగ్గా వివరించింది. చివర్లో వాళ్ళ లెక్క ఒకటి చెప్పింది: బాలింత ఒక వారం మంచంలో, ఒక వారం మంచం మీద, ఒక వారం మంచం చుట్టూ. వాళ్ళ భాషలో బాలింతరికాన్ని వోఖెన్‌బెట్ అంటారు, వారాల మంచం అని. అది విన్నాక అమ్మ నెమ్మదించింది. ‘వాళ్ళకీ పురిటి మంచం ఉందన్నమాట. ఆవిడ చెప్పినట్టు చెయ్యి’ అంది. ఆ రాత్రి నేను భయం లేకుండా పడుకున్నాను.

మూడో వారంలో మా వారి సెలవు అయిపోయింది. పగలు చాలాసేపు నేను, పాప, కిటికీలో బూడిద రంగు ఆకాశం. పాలు పడుతూ ఏడ్చేదాన్ని, ఎందుకో నాకే తెలియదు. పిల్ల బరువు చూసి చీటీలో రాసుకున్నాక, ఆవిడ పది ప్రశ్నలున్న కాగితం ఒకటి నా ముందు పెట్టింది. అన్నీ నా గురించే. నవ్వగలుగుతున్నావా, కారణం లేకుండా భయం వేస్తోందా, నిద్ర పడుతోందా అని. పిల్ల పాలు తాగిందా అని అప్పటికి వంద మంది అడిగారు. నా గురించి అడిగింది ఆవిడే. జవాబులు చూసి తనే డాక్టరుకి ఫోన్ చేసి సమయం తీసుకుంది. వారానికి ఒకసారి రావాల్సింది రెండుసార్లు వచ్చింది. అది బద్ధకమూ కాదు, బలహీనతా కాదు, పురుడు అయ్యాక ఎందరికో వచ్చే జబ్బు, తగ్గిపోతుంది అని చెప్పింది. తగ్గింది. సిగ్గుపడి దాచేసే విషయం కాదు కనుక ఇక్కడ రాస్తున్నాను. మన అమ్మలూ అత్తలూ కూడా బాలింతని ఒక్కసారి ఆ ప్రశ్నలు అడగాలని నా కోరిక.

మంత్రసానికి చీర పెట్టాలని అమ్మ పట్టు. పన్నెండో వారం, ఆఖరి రోజున, మంగళగిరి చీర ఇచ్చాను. ఆవిడ దాన్ని అక్కడే మెడ చుట్టూ కప్పుకుని వెళ్ళింది.

ఓమా సంగతి చివరికి ఉంచాను. ఓమా అంటే జర్మన్‌లో అమ్మమ్మ, నాయనమ్మ. కింది వాటాలో ఉండే పెద్దావిడకి నేను మనసులో పెట్టుకున్న పేరు. పదకొండో రోజున పురిటి స్నానం చేసి, పాప జుట్టు ఆరడానికి సాంబ్రాణి ధూపం వేశాను. ఇక్కడ పడక గదుల్లో పొగ అలారం తప్పనిసరి. అది ఒక్కసారిగా అరవడం, పాప గుక్కపట్టడం, నేను కుర్చీ ఎక్కలేక కింద నిలబడి వణకడం. తలుపు బాదుతున్నారు. తీస్తే ఓమా. కేకలేస్తుందనుకున్నాను. గబగబా వచ్చి కిటికీలు తీసి, చీపురు కర్రతో అలారం నొక్కి ఆపి, పాపని నా చేతుల్లోంచి తీసుకుంది. తర్వాత గాలి పీల్చి ఆగిపోయింది. ఆవిడది రావెన్స్‌బుర్గ్ వైపు పల్లెటూరు. చిన్నప్పుడు వాళ్ళ చర్చిలో ఇలాంటి వాసనే వచ్చేదట. కూర్చుని చాలాసేపు ఆ ఊరి గురించి చెప్పింది. నాకు సగమే అర్థమైంది.

వెళ్ళేముందు అడిగింది: ‘రాత్రుళ్ళు పాప ఏడుపు వినిపిస్తోంది. నువ్వు వచ్చి గంట కొడతావేమోనని చూస్తున్నాను. ఎందుకు కొట్టలేదు?’

ఏం చెప్పను? పిలవకుండా ఎవరూ రారేమని నేను ఇన్నాళ్ళూ బాధపడుతున్నాను. పిలవకుండా వెళ్తే పిలవని పేరంటం అవుతుందని ఆవిడ కింద కూర్చుని ఎదురుచూస్తోంది. మధ్యలో ఉన్నవి పదహారు మెట్లు.

మర్నాడు గంట కొట్టాను. ఆ తర్వాత రోజూ పదింటికి ఓమా పైకి వచ్చేది, పది కొట్టడానికి నిమిషం ముందూ కాదు, వెనకా కాదు. పాపని ఎత్తుకునేది, నేను గంటన్నర నిద్రపోయేదాన్ని. గురువారం గురువారం పప్పు తెచ్చేది. వీళ్ళు పెసలంత మసూరు గింజల్ని ముద్దగా ఉడికించి, ష్పేట్స్‌లె అనే పిండి ముద్దలతో తింటారు. నేను అందులో నెయ్యి, కారప్పొడి వేసుకుంటే ఆవిడా వేయమంది.

జనవరిలో ఒక రోజు, ఇక తనని జీ అనొద్దని, దూ అనమని చెప్పింది. జీ అంటే మీరు, దూ అంటే నువ్వు. ఇక్కడ పెద్దవాళ్ళే ముందు ఆ మాట అనాలి, చిన్నవాళ్ళు అడగకూడదు. డెబ్భై ఎనిమిదేళ్ళ మనిషిని నువ్వు అనడమా అని మా వారు మొహమాటపడ్డారు. నాకు ఇబ్బంది అనిపించలేదు. మా అమ్మమ్మని నేను ఏనాడూ మీరు అనలేదు.

ఇంకొకటి ఆవిడకి తెలియకుండా తెలుసుకున్నాను. నేను ఆసుపత్రిలో ఉన్న వారం కేర్‌వోఖె మాది. రాలిన ఆకులతో కాలిబాట నిండిపోయే కాలం. ఇంటికి వచ్చేసరికి వాకిలి అద్దంలా ఉంది, పలక మా తలుపుకి లేదు. మా వారు నేను ఎవరికో చెప్పాననుకున్నారు, నేను ఆయన చేశారనుకున్నాను. మళ్ళీ డిసెంబరులో మా వంతు వచ్చినప్పుడు కూడా పలక కనబడలేదు, మంచు మాత్రం పొద్దున్నే ఎత్తేసి ఉంది. మూడో అంతస్తు ఆయన చెబితే గానీ తెలియలేదు, పలక రెండుసార్లూ ఓమా తన తలుపుకే తగిలించుకుందని.

బొబ్బట్లు ఇవ్వడానికి వెళ్తే మోకాలు నొప్పిగా ఉందంది. ఈ వారం వంతు ఆవిడది. రాత్రి అందరూ పడుకున్నాక చప్పుడు కాకుండా కిందికి దిగి, పలక తీసుకొచ్చి మా తలుపుకి తగిలించాను.