ఆ ‘ఒరిజినల్’ స్టిక్కర్లు పీకేశాను

నమస్తే. కోఠిలో, సుల్తాన్ బజార్ సందులో మెట్లెక్కి రావాల్సిన మా రికార్డుల షాపు మీలో చాలామందికి తెలుసు. పోయిన నెలలో 10 రోజులు షట్టర్ దించి ఉండేసరికి షాపు ఎత్తేశానేమో అని కొందరు ఫోన్ చేశారు. ఎత్తేయలేదు. లోపలే కూర్చుని సినిమా మ్యూజిక్ అరలో ఉన్న 412 ఎల్పీలూ (పెద్ద గ్రామఫోన్ ప్లేట్లు) సీడీలూ ఒక్కొక్కటే దించి, వాటిమీద నేను అంటించిన స్టిక్కర్ నిజమా కాదా అని చూసుకున్నాను. 37 అబద్ధాలు దొరికాయి. కొందరికి డబ్బు వాపసు ఇవ్వాల్సి ఉంది కాబట్టి జరిగింది జరిగినట్టు చెప్తున్నాను.

గొడవ సొరచేప సినిమా ‘జాస్’ ఎల్పీతో మొదలైంది. 1975 ప్లేటు, అట్ట కాస్త నలిగినా గాడుల మీద గీత లేదు. ‘ఒరిజినల్, సినిమాలో విన్నదే’ అని స్టిక్కర్ వేసి చిక్కడపల్లి నుంచి వచ్చే ఒక రిటైర్డ్ సంగీతం మాస్టారికి అమ్మాను. వారం తిరక్కుండా ఆయన ప్లేటు పట్టుకుని మెట్లెక్కారు. “బాబూ, ఇది అది కాదు” అన్నారు. పాతికేళ్లుగా ఇదే పని చేస్తున్నాను సార్ అని నేను కాస్త గట్టిగానే మాట్లాడాను. ఆయన మాటకు మాట అనలేదు. ఫోన్లో సినిమా పెట్టి, ప్లేటు టర్న్‌టేబుల్ మీద వేయమన్నారు. బాణీ అదే, సంగీత దర్శకుడు జాన్ విలియమ్సే, కానీ వాయింపు వేరు. సినిమాలో సీను మారగానే తుంచినట్టు ఆగిపోయే ముక్క, ప్లేటు మీద తీరిగ్గా సాగి పద్ధతిగా ముగుస్తోంది. అన్నేళ్లుగా రెండూ విన్నాను, ఒక్కసారి కూడా పక్కపక్కన పెట్టి వినలేదు.

తర్వాత వెతికి తెలుసుకున్నది ఇది. ఆ ఎల్పీ కోసం విలియమ్స్ ఆర్కెస్ట్రాతో విడిగా మళ్లీ రికార్డ్ చేశారు. సినిమా కోసం వాయించిన టేపులు 2000లో గానీ సీడీగా రాలేదు. 2015లో వచ్చిన 2 సీడీల సెట్‌లో ఒకదాంట్లో సినిమా సంగీతం, రెండోదాంట్లో 1975 ఆల్బమ్ పెట్టారు. మాస్టారి పుణ్యమా అని ఇప్పుడు షాపులో రెండూ వినిపిస్తాను. నన్నడిగితే ఇంట్లో కూర్చుని వినడానికి పాత ఎల్పీయే బాగుంటుంది. కానీ నేను చెప్పి అమ్మిన సరుకు అది కాదుగా.

ఇంతకన్నా పెద్ద తప్పు ‘బ్లేడ్ రన్నర్’ది. ఆ సినిమా 1982లో వచ్చింది. వాంజెలిస్ చేసిన సంగీతం మాత్రం అప్పుడు ఆల్బమ్‌గా రాలేదు. ఆ ఏడాది వచ్చిన ఎల్పీలో ఉన్నది ఆయన బాణీలను న్యూ అమెరికన్ ఆర్కెస్ట్రా అనే బృందం వాయించిన రూపం. అట్ట మీద ఆ మాట రాసే ఉంది. నేను పెద్ద అక్షరాల్లో ఉన్న సినిమా పేరు చూసి ధర వేశాను, కింద చిన్న అక్షరాలు చదవలేదు. వాంజెలిస్ సొంత ఆల్బమ్ 1994లో వచ్చింది. అందులోనూ సినిమాలో లేని ముక్కలున్నాయి, మధ్యమధ్యలో డైలాగులు వినిపిస్తాయి. 2007లో 3 సీడీల సెట్ వచ్చింది. అంటే ‘బ్లేడ్ రన్నర్ ఉందా’ అని మీరడిగితే ‘ఏది’ అని నేను అడగాలి. అడక్కుండా చేతిలో పెట్టేశాను, అదీ ఇద్దరికి.

కొత్త పిల్లలు తరచూ అడిగేది ఇంకోటుంది: సీడీలో 74 నిమిషాలు పడుతుంటే ఈ పాత ఇంగ్లిష్ సినిమా సీడీల్లో అరగంటే ఎందుకుంది, మిగతాది మీరు కోసేసుకున్నారా అని. నేను కోసుకోలేదు. అమెరికాలో వాయిద్యగాళ్ల యూనియన్ రూల్ ప్రకారం, సినిమా కోసం వాయించినదాన్ని ఆల్బమ్‌గా వేస్తే వాళ్లకు మళ్లీ డబ్బు కట్టాలి. నిమిషాలు పెరిగితే ఖర్చు పెరుగుతుంది. అందుకని చిన్న కంపెనీలు అరగంటతో సరిపెట్టేవి. ఏళ్ల తర్వాత అదే సంగీతం ‘పూర్తి’ అనే పేరుతో కొన్ని వేల కాపీల లిమిటెడ్ ఎడిషన్‌గా వస్తుంది, మన జేబుకి మళ్లీ చిల్లు పెడుతుంది. ‘స్టార్ వార్స్’ కూడా అంతే. 1977 డబుల్ ఎల్పీలో ముక్కలు సినిమా వరుసలో ఉండవు. 1997లో వచ్చిన 2 సీడీల్లో సినిమా వరుసలో ఉంటాయి. రెండూ ఉంచుకోవాలా అని అడిగితే, వ్యాపారిగా ఉంచుకోమంటాను. స్నేహితుడిగా అయితే ఎల్పీ ఒక్కటి చాలంటాను.

తెలుగు అర దగ్గర కథ వేరు. ఇక్కడ ‘సౌండ్‌ట్రాక్’ అంటే సగం మందికి మొదట గుర్తొచ్చేది సినిమా మొత్తం మాటలతో సహా ఉండే క్యాసెట్. పందిరి కింద మైకుల్లో ‘దానవీరశూరకర్ణ’ వేస్తే కొండవీటి వెంకటకవి డైలాగులు కంఠతా పట్టిన తరం మాది. అలా అలవాటైనవాళ్లకు ఇంగ్లిష్ సౌండ్‌ట్రాక్ ఇచ్చి పంపితే, ఇందులో మాటలేవీ అని వెనక్కి తెచ్చిన సందర్భాలున్నాయి. తప్పు వాళ్లది కాదు.

ఇక రీరికార్డింగ్, అంటే పాటలు కాకుండా సీన్ల వెనక వచ్చే సంగీతం (బీజీఎం), కావాలని వచ్చేవాళ్లకు నేను చేసిన పని చెప్పాలి. చెప్పడానికి సిగ్గుగా ఉంది. ఇళయరాజా ‘శివ’ బీజీఎం ఉందా అని రోజుకొకరు అడిగేవారు. మన దగ్గర పాటల క్యాసెట్ సినిమాకన్నా ముందే బజార్లోకి వచ్చేది. రీరికార్డింగ్ మాత్రం ఎడిటింగ్ అయ్యాక, రిలీజ్ టెన్షన్లో ఆఖరున చేసేవారు. ఇక అది క్యాసెట్‌లోకి ఎలా వస్తుంది? ‘బొంబాయి’ థీమ్‌లాగా ఏ ఒక్కటో ఆల్బమ్‌లోకి ఎక్కేది. దొరకని సరుకుని ఎలాగైనా ఇవ్వాలని, డీవీడీలోంచి మాటలు తక్కువున్న చోట్లు కోసి నేనే సీడీలు చేసి, రంగుల కవర్ వేసి 150 రూపాయలకు రెండేళ్లు అమ్మాను. చెవి పెట్టి వింటే కింద బూట్ల చప్పుడు కూడా వినిపిస్తుంది. నాకు హక్కు లేని పని. మిగిలిన 60 విరగ్గొట్టేశాను. మీ దగ్గర అవి ఉంటే తెచ్చి 150 తీసుకెళ్లండి. ‘బాహుబలి’ లాంటివాటికి కీరవాణి నేపథ్య సంగీతాన్ని విడిగా విడుదల చేశారు. అలాంటివి అడిగితే ఎక్కడ వినొచ్చో చెప్తాను, నాకేం మిగలకపోయినా సరే.

ఇకనుంచి స్టిక్కర్ మీద ‘ఒరిజినల్’ అనే మాట ఉండదు. సినిమా టేపా, ఆల్బమ్ కోసం మళ్లీ వాయించిందా, వేరే బృందం వాయించిందా, ఎన్ని నిమిషాలు, ఏ ఏడాది ప్రెస్సింగ్ (అచ్చు వేసిన ప్లేటు) అని చేత్తో రాసి ఉంటుంది. ప్లేటు కడిగి, విని, పోల్చి రాయడానికి ఒక్కోదానికి గంట పడుతోంది. అందుకే 1,000 రూపాయలు దాటిన ఎల్పీల మీద 50 పెంచాను. బేరమాడేవాళ్లు ఎలాగూ ఆడతారు.

లిమిటెడ్ ఎడిషన్లకు ముందుగా డబ్బు కట్టించుకోవడం కూడా ఆపేస్తున్నాను. పోయినసారి 14 మంది దగ్గర తీసుకున్నాను. పార్శిల్ వచ్చేలోపు డాలర్ పెరిగింది, కస్టమ్స్ నేను లెక్కేసినదానికన్నా ఎక్కువ పడింది, 3 డబ్బాలు పగిలి వచ్చాయి. మార్చి ఇమ్మంటే అక్కడ స్టాక్ అయిపోయింది. ఆ నష్టం నేనే పెట్టుకున్నాను, మళ్లీ పెట్టుకునే ఓపిక లేదు. దానికి తోడు ఈ మే నెలలో రేకుల గదిలో వదిలేసిన 11 ఎల్పీలు ఎండకి అప్పడాల్లా వంగిపోయాయి. అవి అమ్మను. అట్టలు కావాలంటే ఊరికే తీసుకెళ్లండి.

‘జాస్’ కొన్న ముగ్గురూ వచ్చి వెళ్లారు. ఇద్దరు ప్లేటు ఉంచుకుంటామన్నారు, వాళ్లలో మాస్టారు ఒకరు. ‘బ్లేడ్ రన్నర్’ కొన్నవాళ్లలో ఒకరికే చెప్పగలిగాను. రెండో అతను వానాకాలంలో ఒక సాయంత్రం తడిసిన హెల్మెట్‌తో వచ్చి, ప్లేటుని రెయిన్‌కోట్ లోపల పెట్టుకుని వెళ్లిన కుర్రాడు. నంబర్ రాసుకోలేదు. తమ్ముడూ, ఇది చదివితే రా. నీ 1,800 కవర్లో పెట్టి గల్లాలో ఉంచాను, పైన ‘రెయిన్‌కోట్’ అని రాసి ఉంది. నేను లేకపోయినా కౌంటర్‌లో ఉన్న అబ్బాయి ఇస్తాడు.