హైస్కూల్ పిల్లల ఒంటరితనంపై పాఠశాల విద్యాశాఖ కమిషనర్ గారికి బహిరంగ లేఖ

అయ్యా,

పరీక్ష మార్కులు రాగానే సెక్షన్లు మార్చేయడం చాలా స్కూళ్లలో, ముఖ్యంగా హాస్టళ్లున్న చోట, మామూలైపోయింది. మార్కులను బట్టి పిల్లల్ని వీలైనంత వరకు బ్యాచ్‌లుగా విడదీయొద్దని సుప్రీంకోర్టు 2025 జులైలో, విశాఖలో చదువుకుంటున్న విద్యార్థిని మృతి కేసులో చెప్పింది. వంద మంది, అంతకుమించి విద్యార్థులున్న చోట అర్హత ఉన్న కౌన్సెలరో, సైకాలజిస్టో, సోషల్ వర్కరో ఒకరైనా ఉండాలనీ చెప్పింది. దయచేసి అమలు చేయించండి.

కొత్త సెక్షన్‌లో పడ్డ పిల్ల టిఫిన్ బాక్సు మూత సగమే తీసి, గోడవైపు తిరిగి నాలుగు ముద్దలు తిని మూసేస్తుంది. స్నేహం కుదిరేది ఆటల పీరియడ్‌లో. పదో తరగతి వచ్చేసరికి దాన్నీ లెక్కలకు ఇచ్చేస్తున్నారు. అది తిరిగి ఇప్పించండి.

జూన్ చివర ఒకసారి, దసరా సెలవుల తర్వాత మరోసారి చీటీలు రాయించండి: 'అన్నం ఎవరితో కలిసి తింటావు?' మూడు పేర్లు చాలు. ఎవరి చీటీలోనూ కనిపించని పేర్లు క్లాస్ టీచర్‌కి పది నిమిషాల్లో తేలతాయి. పని చెడేది ఆ తర్వాతే. చీటీలు క్లాసులో చదివినా, 'నీకు ఫ్రెండ్స్ లేరా?' అని పిల్లవాణ్ణి నిలబెట్టి అడిగినా, మళ్లీసారి అందరూ అబద్ధమే రాస్తారు. ఆ పిల్లవాడికి నెమ్మదస్తుణ్ణి ఒకణ్ణి జతచేసి లైబ్రరీ పుస్తకాలు సర్దడమో, మొక్కలకు నీళ్లు పోయడమో అప్పగించాలి. కనీసం మూడు వారాల పాటు జంట మార్చకూడదు. వారానికే మారిస్తే మాట కలవదు.

కౌన్సెలర్ గది హెచ్ఎం గది పక్కన వద్దు, ఎవరూ రారు. హాస్టల్ ఫోన్ వార్డెన్ బల్ల మీద ఉంటే పిల్లలు 'బాగున్నానమ్మా' అని పెట్టేస్తారు. దాన్ని వరండా చివరికి మార్పించి, పక్కనే మానసిక ఆరోగ్య సహాయానికి ప్రభుత్వ టెలిమానస్ 14416, పిల్లల సహాయానికి చైల్డ్ హెల్ప్‌లైన్ 1098 నంబర్లు రాయించండి.

ఇట్లు,
కొందరు హైస్కూల్ ఉపాధ్యాయులం