బ్యాండు ముందు నడిచే పిల్లకు నేర్పేదెవరు?

సంపాదకులకు నమస్కారం.

ఆగస్టు 15 పరేడ్ ఫొటోల్లో స్కూల్ బ్యాండు ముందు దండం తిప్పుతూ నడిచే అమ్మాయి తప్పకుండా ఉంటుంది. ఆ అమ్మాయికి ఎవరు నేర్పారని మాత్రం ఎవరూ అడగరు. చాలా బడుల్లో జరిగేది నేను చూస్తూనే ఉన్నాను: పండగ ఇంకో వారం ఉందనగా పొడుగ్గా ఉన్న పిల్లను ఎంచి, పీవీసీ పైపుకి వెండి కాగితం చుట్టి చేతికిస్తారు. పాపం, అది కింద పడితే ఏమంటారోనని ఆ పిల్లకు ఒకటే టెన్షన్.

ఆ దండానికి ఒక పని ఉంది. యూరప్ సైన్యాల్లో డ్రమ్ముల మోతతోనే ఆజ్ఞలు పంపిన రోజుల్లో డ్రమ్మర్లందరికీ పెద్ద డ్రమ్ మేజర్. ఆ మోతలో నోటిమాట వినపడదు కదా! అందుకే ఎప్పుడు ఎత్తుకోవాలి, ఎప్పుడు ఆపాలి, ఎటు మళ్లాలి అన్నీ దండం సైగలతోనే చెప్పేవాడు. బ్రిటిష్ పటాలాల నుంచి ఆ పద్ధతి మన సైన్యానికి, పోలీసులకు వచ్చింది. జనవరి 29న ఢిల్లీ విజయ్ చౌక్‌లో సైనిక బ్యాండ్లతో గణతంత్ర వేడుకలు ముగించే బీటింగ్ రిట్రీట్‌లో ఇప్పటికీ చూడొచ్చు.

అమెరికాలో 1930ల నాటికి హైస్కూలు, కాలేజీ బ్యాండ్ల ముందుకు అమ్మాయిలు వచ్చారు. వాళ్ల చేతుల్లో తేలికపాటి దండం (బ్యాటన్) తిప్పడం ఒక విద్య అయింది. లోపల బోలుగా ఉండే లోహపు కడ్డీ, రెండు కొసలకూ రబ్బరు గుండ్లు, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. అందుకే బరువు సరిగ్గా మధ్యలో ఉండదు. వేలి మీద అడ్డంగా నిలిపి, బరువు సమంగా తూగే చోటు వెతుక్కున్నాకే తిప్పడం మొదలు. 1977లో దీనికి ప్రపంచ సమాఖ్య ఏర్పడింది, 1980లో సియాటిల్‌లో తొలి ప్రపంచ పోటీలు జరిగాయి. (మన కర్రసాము పుట్టుక వేరు. కానీ అది వచ్చిన పిల్లలకు మణికట్టు ముందే లొంగి ఉంటుంది.)

ఇప్పుడు గణతంత్ర వేడుకల్లో భాగంగా కేంద్ర విద్యా, రక్షణ శాఖలు జాతీయ స్థాయి స్కూల్ బ్యాండ్ పోటీలు కూడా పెడుతున్నాయి. వారం రోజుల తంతుతో అక్కడిదాకా వెళ్లగలమా? పోలీసు బెటాలియన్ల బ్యాండ్లలో పనిచేసి రిటైరైన వాళ్లు మన జిల్లాల్లోనే ఉన్నారు. వారానికి రెండు పీరియడ్లు వాళ్లతో నేర్పించి గౌరవ వేతనం ఇవ్వడం విద్యాశాఖకు పెద్ద భారం కాదు. జూన్‌లో బడులు తెరిచినప్పుడే మొదలుపెట్టాలి. దండానికీ, డ్రమ్ముల తోళ్లకూ కాస్త డబ్బు విడిగా కేటాయించాలి.

- ఒక రిటైర్డ్ వ్యాయామ ఉపాధ్యాయుడు, నల్గొండ జిల్లా