ఆక్యుపంక్చర్ డిగ్రీపై రాతపూర్వక జవాబు కోరుతూ బహిరంగ లేఖ

గౌరవనీయులైన వైద్యవిద్యా అధికారి గారికి నమస్కారాలు.

బైపీసీ పూర్తిచేసిన మా అమ్మాయి చైనా సంప్రదాయ వైద్యం, ఆక్యుపంక్చర్ (ఒంట్లో సన్నని సూదులు గుచ్చి చేసే చికిత్స) డిగ్రీలో చేరాలనుకుంటోంది. చైనాలో అది 5 సంవత్సరాల చదువు. ఆక్యుపంక్చర్‌ను కేంద్రం 2019లో స్వతంత్ర చికిత్సా విధానంగా గుర్తించింది. అయితే ఆ పట్టాతో తిరిగివచ్చినవారు మన రాష్ట్రంలో ఎక్కడ నమోదు కావాలో, ఏ హోదాలో ప్రాక్టీసు చేయవచ్చో తెలుపమని నేను మూడుసార్లు అర్జీ పెట్టుకున్నా సమాధానం రాలేదు. గుండ్రటి ముద్ర పడిన ఆ మూడు రసీదులూ అమ్మాయి మార్కుల జాబితాతోపాటు ఒకే ప్లాస్టిక్ కవరులో ఉన్నాయి. రోజూ సాయంత్రం తను వాటిని తీసి చూసుకుంటోంది. ఏజెంటు అడ్వాన్సు అడుగుతున్నాడు. అర ఎకరం జీడితోట అమ్మితే తప్ప ఆ సొమ్ము సమకూరదు. వీలుకాదని చెప్పినా శిరసావహిస్తాం, మరో దారి చూసుకుంటాం.

దయచేసి 15 రోజుల్లోగా నమోదు నిబంధనలను రాతపూర్వకంగా తెలియజేయాలనీ, జిల్లా విద్యార్థులందరికీ తెలిసేలా ప్రకటించాలనీ కోరుతున్నాను.

ఇట్లు,
ఒక తండ్రి,
పలాస, శ్రీకాకుళం జిల్లా