తలనొప్పి ఎలా మొదలైందో అడగండి

సంపాదకులకు నమస్కారం.

తలనొప్పితో ఆసుపత్రికి వెళ్లినవారి ఓపీ చీటీ మీద చాలాసార్లు ఒక్క మాటే ఉంటుంది: తలనొప్పి. ఎప్పుడు మొదలైంది, ఎంతసేపట్లో ముదిరింది అన్నది ఎవరూ రాయరు. కొందరి ప్రాణం ఆ వివరం మీదే ఆధారపడి ఉంటుంది కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను.

తలనొప్పుల్లో ఎక్కువ భాగం మైగ్రేన్, లేదంటే టెన్షన్ వల్ల వచ్చేవే. మైగ్రేన్ తరచూ ఒక పక్కనే పోటు పెడుతుంది. వాంతి వచ్చేలా ఉంటుంది, వెలుతురు చూడలేరు. మందు పడకపోతే 4 గంటల నుంచి 72 గంటల వరకు వేధిస్తుంది. మనిషిని మంచాన పడేస్తుంది గానీ సాధారణంగా ప్రాణం మీదికి తేదు. అందరికీ స్కాన్ తీయమని నేను అడగడం లేదు.

మెదడు రక్తనాళం మీది బుడిపె పగిలినప్పుడు వచ్చే నొప్పి తీరు వేరు. బాగున్న మనిషికి ఉన్నట్టుండి మొదలై, నిమిషంలోపే భరించలేనంత అవుతుంది. అందరూ స్పృహ తప్పి పడిపోరు. కొందరు నడుచుకుంటూ వచ్చి, వరసలో కూర్చుని, అడిగినదానికి జవాబు చెబుతారు. బీపీ చూస్తే ఎక్కువే ఉంటుంది, ‘బీపీ వల్లే’ అని మాత్ర ఇచ్చి పంపేస్తారు. నొప్పి మాత్రకు కాస్త తగ్గినా అది మామూలు తలనొప్పే అనడానికి వీల్లేదు. మొదటి 6 గంటల్లో సీటీ స్కాన్ తీస్తే ఇలాంటి రక్తస్రావం దాదాపుగా దొరికిపోతుంది. ఆలస్యమయ్యేకొద్దీ స్కాన్‌లో కనిపించే అవకాశం తగ్గుతుంది, వెన్ను నుంచి నీరు తీసి చూడాల్సి రావచ్చు.

ప్రమాదం ప్రతిసారీ ఇలా ఒక్కసారిగా రాదు. బాలింతలకు మెదడు సిరల్లో రక్తం గడ్డకడితే నొప్పి రోజురోజుకీ పెరుగుతూ పోవచ్చు. మెడనొప్పితో పాటు ఒక కనురెప్ప వాలిందంటే మెడలోని ధమని పొర చీలి ఉండవచ్చు. 50 దాటినవారికి కొత్తగా కణత నొప్పి వచ్చి, నమిలేటప్పుడు దవడ లాగుతుంటే కణత ధమని వాపేమో చూడాలి. అది అశ్రద్ధ చేస్తే చూపు పోవచ్చు, పోయిన చూపు తిరిగి రావడం చాలా అరుదు.

నాకు అన్నిటికన్నా దిగులు పాత మైగ్రేన్ ఉన్నవాళ్ల గురించి. వాళ్లకు ఏ నొప్పి వచ్చినా ఇంట్లోవాళ్లు, ఒక్కోసారి డాక్టర్లు కూడా ‘నీకు ఉన్నదే కదా’ అంటారు. ఎప్పుడూ వచ్చేలా లేదని రోగి చెబుతుంటే ఆ మాట నమ్మాలి.

ఆసుపత్రుల్లో చీటీ రాసేచోటే మూడు ప్రశ్నలు అడిగి రాయాలని కోరుతున్నాను: ఎంతసేపట్లో ముదిరింది? ఇంతకుముందు ఇలాంటిది వచ్చిందా? చూపు, మాట, కాలూచేయి ఏమైనా తేడాగా ఉన్నాయా? నిమిషంలో ముదిరిందన్నవారిని వరసలో కూర్చోబెట్టకుండా నేరుగా ఎమర్జెన్సీకి పంపాలి. మీ ఆరోగ్య పేజీలో తలనొప్పి చిట్కాలు వేసే ప్రతిసారీ ఈ మూడు ప్రశ్నలూ పక్కనే వేయండి.

– ఒక పాఠకురాలు