కాలువల సంగతి కార్పొరేటర్ చూస్తారు, ఎమ్మెల్యే గారూ, మా గాలి గురించి మీరు అసెంబ్లీలో అడగండి

సంపాదకుల వారికి నమస్కారం.

నేను విశాఖ వన్ టౌన్‌లో ఇరవై రెండేళ్లుగా బట్టలు కుడుతున్నాను. ఇంటి ముందు గదే నా షాపు. స్కూళ్లు తెరిచే జూన్ నెల మాకు పెద్ద సీజన్, తెల్ల చొక్కాలు, తెల్ల చున్నీలు కుప్పలుగా వస్తాయి. ఆ తెల్ల గుడ్డను నేను తలుపు తీసి కుట్టలేను. కత్తిరించిన ముక్కలు ఒక గంట బల్ల మీద ఉంటే చాలు, వేలితో రాస్తే నల్లటి ధూళి అంటుకుంటుంది. అందుకే కిటికీకి తడిపిన పాత చీర కట్టి, తలుపు మూసి, ఆ ఉక్కలో ఫ్యాను కూడా తగ్గించి కుడతాను. దండెం మీద ఆరేసిన బట్టలు దులిపి మడతపెట్టడం మా వీధిలో ఆడపిల్లలకు చిన్నప్పుడే అలవాటైపోతుంది. పక్కింటి పిల్లాడికి ఆరేళ్లు, చలికాలం వస్తే రాత్రుళ్లు వాడి ఆయాసం గోడ ఇవతలికి వినిపిస్తుంది, వాళ్లమ్మ నెబులైజర్ కొని ఇంట్లోనే పెట్టుకుంది.

ఎమ్మెల్యేలు వీధుల్లోకి వచ్చినప్పుడు మీకేం కావాలి అని అడుగుతారు. మేము ఏం చెబుతాం? కాలువ పొంగుతోంది, వీధి లైటు వెలగడం లేదు, సిమెంటు రోడ్డు వేయండి అంటాం. ఇందులో తప్పు మాది కూడా ఉంది. అయితే ఈ అలవాటు ఎక్కడి నుంచి వచ్చిందో కూడా చెప్పాలి. మా నగరపాలక సంస్థ జీవీఎంసీ పాలకవర్గం గడువు 2012లో తీరిపోయాక మళ్లీ ఎన్నికలు జరిగింది 2021 మార్చిలో. అన్నేళ్లు వార్డుకు ఒక కార్పొరేటర్ అంటూ లేక, చెత్త బండి రాకపోయినా ఎమ్మెల్యే ఇంటికే వెళ్లాల్సి వచ్చింది. ఆ తర్వాత 98 వార్డులకూ కార్పొరేటర్లు వచ్చినా మేము మారలేదు, ఎమ్మెల్యేలూ మారలేదు, ఇప్పటికీ కాలువ మీద పలక వేసినా కొబ్బరికాయ కొట్టడానికి ఎమ్మెల్యే గారే రావాలి. ఆ పలక వేయించడానికి కార్పొరేటర్ చాలు. అసెంబ్లీలో నిలబడి మంత్రిని ప్రశ్న అడగడం మాత్రం కార్పొరేటర్ వల్ల కాదు, అది ఎమ్మెల్యే ఒక్కరే చేయగలరు. నా బాధంతా అక్కడే.

గాలి సంగతే చూడండి. మా అమ్మాయి డిగ్రీ చదువుతోంది, అదే ఫోన్లో చూపించి నాకు అర్థమయ్యేలా చెప్పింది. దేశంలో తీవ్రంగా కలుషితమైన పారిశ్రామిక ప్రాంతాలంటూ కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2009లో వేసిన జాబితాలో విశాఖ ఉంది. 2019లో మొదలైన జాతీయ స్వచ్ఛ గాలి కార్యక్రమంలో గాలి బాగోలేని నగరాల జాబితా వేస్తే అందులోనూ ఉంది. పీఎం 10 అనే సన్న ధూళి ఏడాది సగటున ఘనపు మీటరు గాలిలో 60 మైక్రోగ్రాములు దాటకూడదట, దాన్ని ఎంత తగ్గించాలో 2026 దాకా లక్ష్యం కూడా పెట్టారట. మరి మా వీధిలో ఎంత ఉంది? మాకు దగ్గరలో కొలిచే యంత్రం ఏది? ఆ కార్యక్రమం కింద మన నగరానికి వచ్చిన డబ్బుతో ఏం కొన్నారు, ఎక్కడ పెట్టారు? నా బల్ల మీద పడే నల్ల పొడి ఎక్కడి నుంచి ఎంత వస్తోందో తేల్చాల్సింది నేను కాదు, కొలతలు తేల్చాలి. బొగ్గు, ఖనిజం దించేచోట నీళ్లు చల్లాలని, గుట్టల మీద టార్పాలిన్ పట్టాలు కప్పాలని, లారీ మీద పరదా కట్టాలని అనుమతి కాగితాల్లోనే షరతులు పెడతారు. ఆ అనుమతులు ఇచ్చేది రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి. 1981 నాటి వాయు చట్టం కింద దానికి తనిఖీ చేసే అధికారం ఉంది, షరతు తప్పితే ఆపేయమనే అధికారమూ ఉంది. ఫలానా సంస్థ కేంద్రానిది, మా చేతిలో లేదు అని ఎమ్మెల్యేలు అంటూ ఉంటారు. సంస్థ ఎవరిదైనా ఆ మండలి రాష్ట్రానిదే కదా, దాని వార్షిక నివేదిక అసెంబ్లీ ముందుకే వస్తుంది కదా. గత ఏడాది ఎన్నిసార్లు తనిఖీ చేశారు, ఎన్ని నోటీసులు ఇచ్చారు అని ఒక్క ప్రశ్న వేస్తే మంత్రిగారు సభలో జవాబు చెప్పాల్సిందే, ఆ జవాబు రికార్డులో ఉండిపోతుంది.

2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ అనే విషవాయువు లీకై జనం నిద్రలోంచి లేచి పరుగెత్తి రోడ్ల మీద పడిపోయిన రోజు ఈ ఊళ్లో ఎవరూ మరిచిపోలేదు. ఆ ప్రమాదం మీద ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీ ఆ ఏడాది జూలైలోనే నివేదిక ఇచ్చింది. అందులో చెప్పినవాటిలో ఏవి అమలయ్యాయి, ఏవి కాలేదు అని మా ఊరి ఎమ్మెల్యేలందరూ, ఏ పార్టీ వాళ్లైనా సరే, కలిసి ఒక పూట చర్చ అడగకూడదా? ఫ్యాక్టరీ గోడకు ఆనుకుని ఇళ్లున్న వీధులు ఈ నగరంలో ఇంకా చాలా ఉన్నాయి.

నీళ్ల విషయం గాలి కంటే చిక్కుది. విశాఖకు సొంత నీళ్లు తక్కువ. ముడసర్లోవ, మేహాద్రిగెడ్డ ఉన్నా అవి చాలవు. తాటిపూడి నీళ్లు విజయనగరం జిల్లా నుంచి, రైవాడ నీళ్లు ఇప్పటి అనకాపల్లి జిల్లా నుంచి వస్తాయి, ఏలేరు నీళ్లయితే 150 కిలోమీటర్ల కాలువ దాటి రావాలి. రైవాడ నీళ్లు మా పొలాలకే ఇవ్వాలని అక్కడి రైతులు ఏళ్ల తరబడి అడుగుతున్నారు, వాళ్లు అడగడంలో అన్యాయం ఏమీ లేదు. ఈ తగువు మున్సిపల్ కమిషనర్ తీర్చేది కాదు. మన ఎమ్మెల్యేలు, అక్కడి ఎమ్మెల్యేలు ఒకచోట కూర్చుని, పోలవరం ఎడమ కాలువ మీదుగా విశాఖకు ఇస్తామన్న 23.44 టీఎంసీలు ఎప్పటికి వస్తాయో ప్రభుత్వం చేత తేదీతో చెప్పించాలి. ఇప్పుడు గూగుల్ డేటా సెంటర్ వస్తోంది, రానివ్వండి, మా పిల్లలకు ఉద్యోగాలు వస్తే నాకంటే సంతోషించేవాళ్లు ఉండరు. కానీ ఆ యంత్రాలు చల్లబడటానికి నీళ్లు ఎన్ని కావాలి, అవి ఏ రిజర్వాయర్‌వి అని ముందే అడిగి రాయించుకోవాలి. మా వీధి కుళాయికి నీళ్లొచ్చే గంటలు తగ్గాక అడిగి ఏం లాభం?

మా ఆడపడుచు వాళ్లది అడవివరం. ఆ పేరు చెబితే విశాఖవాళ్లకు వెంటనే అర్థమైపోతుంది, పంచగ్రామాలు. అడవివరం, వేపగుంట, చీమలాపల్లి, పురుషోత్తపురం, వెంకటాపురం, ఈ ఐదు ఊళ్లలో సింహాచలం దేవస్థానం భూముల మీద ఇళ్లు కట్టుకున్న కుటుంబాలు. ఇల్లు అమ్మలేరు, బ్యాంకు అప్పు ఇవ్వదు, పైకప్పు రేకు మార్చాలన్నా టెన్షనే. ఆడపడుచు కూతురి పెళ్లికి చేతిలో ఇల్లుండి కూడా వడ్డీకి తెచ్చుకున్నారు. 2019లో అసెంబ్లీ చట్టం చేసింది, అది కోర్టు చిక్కుల్లో పడింది. దేవుడి ఆస్తికి నష్టం రాకూడదు, ఈ జనం జీవితమూ ఇలా నలగకూడదు. ఈ రెండూ కుదిరేలా చట్టంలో ఏ మాట మార్చాలో వకీళ్లను పెట్టి తేల్చమని వెంటపడటం కంటే ఎమ్మెల్యేకి పెద్ద పని ఏముంటుంది?

కొండల మీద ఉన్నవాళ్ల గురించి కూడా రెండు మాటలు. వాన గట్టిగా కురిసిన రాత్రి కొండవాలు ఇళ్లల్లో ఎవరూ పడుకోరు. అక్కడ గర్భిణికి నొప్పులొస్తే కుర్చీలో కూర్చోబెట్టి మెట్లు దించాలి, అంబులెన్సు కిందే ఆగుతుంది. రక్షణ గోడ కావాలన్నా, నిలవలేని చోటు నుంచి మార్చి పట్టాతో ఇల్లు ఇవ్వాలన్నా రెవెన్యూ శాఖ కదలాలి.

ఆసుపత్రుల గురించి నేను ఫిర్యాదు చేయడానికి రాయడం లేదు. మా మామగారికి గుండెపోటు వస్తే నిలబెట్టింది కేజీహెచ్, అంటే కింగ్ జార్జ్ ప్రభుత్వాసుపత్రి డాక్టర్లే, ఆ రుణం తీరదు. కానీ 1923లో పెట్టిన ఆ ఒక్క ఆసుపత్రికే శ్రీకాకుళం నుంచి, మన్యం నుంచి, ఒడిశా నుంచి కూడా వస్తారు. నగరంలో వాళ్లం జ్వరానికీ అక్కడికే వెళ్తే దూరం నుంచి స్ట్రెచర్ మీద వచ్చినవాళ్లకు చోటేది? పట్టణ ఆరోగ్య కేంద్రాల్లో సాయంత్రం పూట డాక్టర్ ఉండేలా, ఖాళీ పోస్టులు నింపేలా చూస్తే చాలావరకు తేలికవుతుంది. బస్సులూ అంతే. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు ఉచితం అయ్యాక నా దగ్గర పనిచేసే ఇద్దరమ్మాయిలకు నెలకు బాగానే మిగులుతోంది, చాలా మంచి పని చేశారు. ఇక కావలసింది పొద్దున్న ఎనిమిది నుంచి పది మధ్య ఇంకొన్ని బస్సులు. మెట్రో వచ్చే రోజు వస్తుంది, ఆలోపు ఫుట్‌బోర్డు మీద వేలాడుతున్నది మన పిల్లలే.

ఎన్నికలప్పుడు హామీల కాగితం పంచుతారు కదా, అలాగే ప్రతి అసెంబ్లీ సమావేశాలు అయ్యాక ప్రతి ఎమ్మెల్యే ఒక కాగితం పంచితే బాగుంటుంది. ఏ ప్రశ్నలు అడిగారు, ఏం జవాబు వచ్చింది, ఏ కమిటీలో ఏం మాట్లాడారు. మీ పత్రిక కూడా జిల్లా పేజీలో శంకుస్థాపనల ఫొటోలకు ఇచ్చే చోటులో కొంత దీనికి ఇవ్వాలని నా మనవి.

నేను ఒక పని మొదలుపెట్టాను. తెల్ల పాప్లిన్ ముక్క ఒకటి కిటికీ బయట కట్టి, వారం అయ్యాక విప్పి, మూలన తేదీ రాసి కవర్లో పెడుతున్నాను. ఇప్పటికి నాలుగు అయ్యాయి. మన ఎమ్మెల్యేల్లో ఎవరైనా అసెంబ్లీకి తీసుకెళ్తానంటే నాలుగూ ఇచ్చేస్తాను.

ఇట్లు,
ఒక టైలరు,
వన్ టౌన్, విశాఖపట్నం