ఆల్కహాల్ దగ్గరే ఉంది కిటుకు

ఒరేయ్ శీనూ,

గ్రామ్ స్టెయినింగ్‌లో, అదే బ్యాక్టీరియాని రంగుతో రెండు రకాలుగా విడదీసే పద్ధతిలో, ఊదాగా కనబడాల్సిన స్టాఫిలోకాకస్ బ్యాక్టీరియా కూడా గులాబీ రంగులోనే కనిపిస్తోందని రాశావు. బ్యాక్టీరియా మీద అనుమానం తర్వాత, ముందు నువ్వు ఆల్కహాల్ పోసే తీరు చూసుకో.

క్రిస్టల్ వయొలెట్ అనే ఊదా రంగు ఒక నిమిషం, కడిగి అయొడిన్ ఇంకో నిమిషం. ఇక్కడ పది సెకన్లు అటూఇటూ అయినా కొంపేం మునగదు. అయొడిన్ లోపలికెళ్లి వయొలెట్‌తో జతకట్టి పెద్ద ముద్దవుతుంది. ఈ దశలో చూస్తే స్టాఫ్ (స్టాఫిలోకాకస్), ఈ-కోలై అనే ఇంకో బ్యాక్టీరియా, రెండూ ఊదాయే. తేడా తేలేది 95 శాతం ఆల్కహాల్ పడ్డాకే. స్టాఫ్‌కి పెప్టిడోగ్లైకాన్ అనే పదార్థంతో కట్టిన కణం గోడ మందం. ఆల్కహాల్ అందులో నీళ్లు లాగేస్తే గోడ బిగుసుకుని రంగుముద్ద లోపలే ఇరుక్కుంటుంది. ఈ-కోలైకి గోడ పల్చన, దాని మీద కొవ్వు పొర. ఆ పొర చెదిరిపోయి రంగు జారిపోతుంది. తర్వాత పోసే సాఫ్రనిన్ అనే రంగు దానికి గులాబీ అద్దుతుంది. ఊదాగా మిగిలితే గ్రామ్ పాజిటివ్, గులాబీ అయితే గ్రామ్ నెగెటివ్.

స్లైడ్ వాలుగా పట్టుకుని ఆల్కహాల్ చుక్కచుక్కగా వదులు. కిందికి జారే చుక్కలో ఊదా ఆగిందా, ఆ క్షణమే నీళ్లు పొయ్యి. మామూలుగా 5 నుంచి 15 సెకన్లు. ఎసిటోన్ కలిసిందైతే ఇంకా తొందరగా లాగేస్తుంది, గడియారాన్ని నమ్మకు. స్మియర్ (స్లైడ్ మీద పూసిన బ్యాక్టీరియా పొర) మందంగా ఉంటే మాత్రం మధ్యలో ఊదా, అంచుల్లో గులాబీ! ఎండిన స్మియర్ కింద పేపర్ పెడితే అక్షరాలు కనబడాలి, అంత పల్చగా పరుచు. మంట మీద మూడుసార్లు తిప్పితే చాలు. మాడిస్తే గోడలు చితికి పాజిటివ్ కూడా రంగు వదిలేస్తుంది.

కల్చర్ (నువ్వు పెంచిన బ్యాక్టీరియా) వయసెంత? 18 నుంచి 24 గంటలది తీసుకో. బాసిల్లస్ పాజిటివ్ బ్యాక్టీరియానే, కానీ ముసలిదైతే గోడ చెడి అచ్చం నెగెటివ్‌లాగే కనబడుతుంది. అదే స్లైడ్ మీద ఓ పక్క తెలిసిన స్టాఫ్, ఇంకో పక్క తెలిసిన ఈ-కోలై పెట్టు. అవి తప్పు చూపిస్తే మధ్యలో నువ్వు పరీక్షించేది చదవనే వద్దు.

అన్నట్టు, 1884లో ఈ పద్ధతి రాసిన డెన్మార్క్ డాక్టర్ గ్రామ్‌కి వర్గీకరణ ఊసే లేదు. ఊపిరితిత్తుల ముక్కల్లో క్రిములు విడిగా కనబడితే చాలనుకున్నాడు. గులాబీ రంగు తర్వాతివాళ్లు చేర్చింది.

ఇంకా తేలకపోతే 3 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్కలో కాలనీని (గుంపుగా పెరిగిన బ్యాక్టీరియాని) లూప్‌తో, అంటే చివర గుండ్రంగా వంచిన తీగతో కలిపి, దాన్ని మెల్లగా పైకెత్తు. జిగట తీగలా సాగితే నెగెటివ్, సాగకపోతే పాజిటివ్. కళ్లద్దాలు మరిచిపోకు, అది కంట్లో పడితే మంచిది కాదు.

నీ
మూర్తి